ముందు బస్సు చెప్పు, తర్వాత పాట

దమ్మపేట అడవిలో గిటారు వాయించి పెద్దపులిని నిద్రపుచ్చిన మనిషి భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన గిటారు రామ్‌సింగ్. సరే, పెద్దపులి అంటే కాస్త ఎక్కువైందేమో. అది అడవిపిల్లి. నిద్రపోయిందా, విసుగొచ్చి కళ్ళు మూసుకుందా అన్నది ఇప్పటికీ తేలలేదు. పిల్లి సంగతి ఎలా ఉన్నా ఇంకో సంగతిలో మాత్రం ఆవగింజంత అబద్ధం లేదు. "నీ క్యాసెట్లలో ముందు ఏది వినాలి?" అని ఎవరడిగినా రామ్‌సింగ్ తిన్నగా జవాబు చెప్పడు. "ముందు ఏ బస్సుకు పోతున్నవో చెప్పు" అంటాడు.

చిన్నప్పుడు కాన్వెంటులో ప్రార్థన పాటల కోసం ఫాదరు నేర్పిన గిటారు అది. రామ్‌సింగ్ దానికి తన లంబాడీ తండా ఆడవాళ్ళ పాటలు తగిలించాడు, డప్పు తగిలించాడు, చివరికి కరెంటు కూడా తగిలించాడు. ఆ కరెంటు గిటారు మొదటిసారి మోగిన రోజు నుంచి తండాలో కోళ్ళు వారం పాటు గుడ్లు పెట్టలేదు. రెండు రోజులే అనేవాళ్ళూ ఉన్నారు. మొత్తానికి ముప్పై ఏళ్ళలో తొమ్మిది క్యాసెట్లు తెచ్చాడు. పేర్లు ఎవరికీ గుర్తుండవు కాబట్టి జిల్లా అంతా వాటిని నంబర్లతోనే పిలుస్తుంది.

భద్రాచలం బస్సెక్కేవాడికి రెండోది వినమని చెప్పాడు. అశ్వారావుపేట బస్సెక్కేవాడికి ఆరోది. ఒకసారి కొత్తగా వచ్చిన ఎస్సై గారు ముచ్చటపడి అడిగారు.

"ఏ బస్సుకు పోతున్నరు సార్?"

"బస్సేంటయ్యా, నాకు జీపుంది."

"అయితే మీరు వినకున్నా నడుస్తది సార్."

ఎస్సై గారు అవమానపడాలో నవ్వాలో తెలియక, జీపు స్టార్టు చేసి కూడా అయిదు నిమిషాలు అక్కడే ఉండిపోయారు.

2004లో సత్తుపల్లిలో రామ్‌సింగ్‌కు సన్మానం తలపెట్టారు. కమిటీ పెద్ద చెంచురామయ్య గారు. కోస్తా నుంచి వచ్చి పామాయిల్ తోటలు వేసిన మనిషి, ఏదైనా ఒక్క ముక్కలో తేలిపోవాలంటారు. సావనీరులో ఒక పేజీ రాసే పని హైస్కూలు ఇంగ్లీషు టీచరు నిర్మలాదేవికి అప్పగించారు.

"అమ్మా, ఈ కాలం పిల్లలకు ఆయనెవరో తెలియదు. తొమ్మిదీ ముందేసుకుని ఎవరు కూర్చుంటారు? ఏది ముందు వినాలో ఒక్క ముక్క రాసివ్వండి, చాలు. రెండువేల కాపీలు కొట్టిస్తున్నాం."

నిర్మలాదేవి ఉప్మా రవ్వ డబ్బాకు కూడా చీటీ అంటించే మనిషి. ఒక్క ముక్కే కదా అనుకుని దమ్మపేట వెళ్ళింది. రామ్‌సింగ్ వాకిట్లో మంచం మీద కూర్చుని గిటారు తీగలకు కొబ్బరినూనె రాస్తున్నాడు.

"సార్, మీ క్యాసెట్లలో ముందు ఏది వినమంటారు?"

"ఏ బస్సుకు పోతున్నవ్ టీచరమ్మా?"

"సత్తుపల్లి బస్సుకు. దానికీ దీనికీ..."

రామ్‌సింగ్ జేబులోంచి పాత బస్సు టికెట్ల కట్ట తీసి, తిరగేసి మరగేసి చూశాడు. "అయిదోది విను."

నిర్మలాదేవి నోటుబుక్కులో రాసుకుంది: అయిదు. వారం తర్వాత ఏదో అనుమానం తీర్చుకుందామని మళ్ళీ వెళ్ళింది. అదే ప్రశ్న, అదే సత్తుపల్లి బస్సు, అదే టికెట్ల కట్ట.

"ఎనిమిదోది విను."

"పోయిన వారం అయిదోది అన్నారు సార్!"

"పోయిన వారం పోయిన వారమే గదా బిడ్డా."

మూడోసారి తెలివిగా తోటి టీచరు స్కూటరు మీద వెళ్ళి, "బస్సు లేదు సార్, ఇప్పుడు చెప్పండి" అని నిలదీసింది. రామ్‌సింగ్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. టికెట్లు తీశాడు, మళ్ళీ జేబులో పెట్టాడు.

"స్కూటరా? అయితే చాయ్ తాగి పో."

నిర్మలాదేవికి తల తిరిగిపోయింది. బస్సు దిక్కును బట్టి రాగం మారుతుందేమోనని మ్యాపు ముందేసుకుంది. వారాన్ని బట్టా అని పంచాంగం చూసింది. స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు ఒక సూత్రం కనిపెట్టి బోర్డు మీద వేశాడు. దాని ప్రకారం ముందు వినాల్సింది పన్నెండున్నరో క్యాసెట్టు. అటు చెంచురామయ్య గారు స్కూలుకి రోజూ ఫోను: "అమ్మా, ఆ ఒక్క ముక్క ఎందాకా వచ్చింది?"

చివరికి ఆమె తెగించి, ఎవరినీ అడగకుండా తొమ్మిది క్యాసెట్లూ తెప్పించుకుని వరసగా విన్నది. మూడోది విన్నప్పుడు పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవలేదు. ఇంకేం, తేలిపోయింది. "రామ్‌సింగ్‌ను మూడోదానితోనే మొదలుపెట్టాలి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు" అని పేజీ నిండా రాసి, సంచిలో పెట్టుకుని, ఖమ్మంలో ప్రెస్సుకు ఇవ్వడానికి బయల్దేరింది. ఇచ్చే గడువు ఆ రోజుతో సరి.

బస్సు పెనుబల్లిలో పది నిమిషాలు ఆగింది. స్టాండులో ఒక చెక్క డబ్బా కొట్టు, దాని నిండా క్యాసెట్లు. లోపల కొట్టు నడిపే రూప్లి కూర్చుని ఉంది, కర్ర పక్కన ఆనించి. చిన్నప్పటి పోలియో వల్ల ఆమెకు ఎడమకాలు సహకరించదు. మూడోది ఇంకొకటి కొని చెల్లెలికి ఇద్దామని నిర్మలాదేవి కొట్టు కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"రామ్‌సింగ్ గారిది మూడో నంబరు ఇవ్వమ్మా."

"మూడోది లేదక్కా. ఎనిమిదోది ఉంది. అది తీస్కపో, మస్తుంటది."

"ఎనిమిదోదా?" నిర్మలాదేవి ఉలిక్కిపడింది.

"ఏం చెప్పాలె అక్కా. ఖమ్మం డీలరు ఏది పంపితే అదే తీస్కోవాలె. ఒక్క నంబరే డబ్బా నిండా పడేస్తడు, మళ్ళ వాపస్ తీస్కోడు. ముందు అయిదోది గిట్లనే పడ్డది. సీడీలొచ్చినంక గిరాకీ లేక దసరాకు కొట్టు మూసేద్దామనుకున్న. ఈ కాలుతోని కూలికి పోలేను గదా. గంతల ఏమైందో ఏమో, సత్తుపల్లి దిక్కు నుంచొచ్చే బస్సు దిగినోళ్ళంతా అయిదోదే అడిగిన్రు. ఒక్కటి మిగల్లే. ఇప్పుడు ఎనిమిదోది పడ్డది, అందరూ ఎనిమిదోదే అంటున్రు. అంతా దేవుని దయ."

"ఆ దేవుడు ఇక్కడికి వస్తుంటాడా?"

"దేవుడు రాడు గానీ, రామ్‌సింగ్ మామ శనివారం శనివారం వస్తడు. చాయ్ తాగుతడు, క్యాసెట్లు మీదికీ కిందికీ చూస్తడు. టికెట్ ఎనక ఏందో గీకి మళ్ళ బస్సెక్కుతడు. పాపం, జర తిక్క మనిషి. ఒక్క పెనుబల్లే కాదు, ములకలపల్లి, అశ్వారావుపేట, స్టాండు స్టాండుకూ గట్లనే తిరుగుతడంట."

నిర్మలాదేవి సంచి భుజం మార్చుకుంది. సంచిలో ఉన్న పేజీ బరువెక్కింది. రెండువేల కాపీల్లో 'మూడోది' అని అచ్చయితే, రేపటి నుంచి జిల్లా అంతా మూడోదే అడుగుతుంది. రూప్లి దగ్గర మూడోది లేదు. ఎనిమిదోది గుట్టగా ఉంది. అందుకే కాబోలు, ఎస్సై గారికి అవసరం లేదన్నాడు! జీపు స్టాండులో ఆగదు కదా.

కండక్టర్ విజిలేశాడు. ఆమె ఎనిమిదోది కొని బస్సెక్కి, ఖమ్మం చేరేలోగా పాత పేజీ చింపి, ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని కొత్త పేజీ రాసింది. బస్సు కుదుపులకు అక్షరాలు ఎండ్రకాయల్లా వచ్చాయి.

"రామ్‌సింగ్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి? మీ ఊరి బస్టాండులో. అక్కడి కొట్టులో ఏ క్యాసెట్టు మీద ఎక్కువ దుమ్ముందో, అదే మొదటిది."

అచ్చయ్యాక చెంచురామయ్య గారు పేజీని దూరంగా పెట్టి చదివారు, దగ్గరగా పెట్టి చదివారు.

"అమ్మా, ఒక్క ముక్క అడిగితే ఇదేంటి? ఇది వ్యాసమా, ఆర్టీసీ వాళ్ళ నోటీసా?"

"రెండూనండీ" అంది నిర్మలాదేవి. ఆయన ఇప్పటికీ తేల్చుకోలేదు.

దసరా వచ్చింది, వెళ్ళింది. రూప్లి కొట్టు తెరిచే ఉంది. సన్మానం రోజు శాలువా కప్పించుకుని రామ్‌సింగ్ వేదిక దిగాక, నిర్మలాదేవి పక్కకు పిలిచి చిన్నగా అంది, "సార్, టికెట్ల సంగతి నాకు తెలిసిపోయింది. పెనుబల్లి వెళ్ళాను."

రామ్‌సింగ్ కళ్ళు పెద్దవి చేశాడు. "ఏం టికెట్లు? ఎక్కడి పెనుబల్లి?"

"రూప్లి చెప్పింది."

"రూప్లి ఎవరు? అంతా అబద్ధం టీచరమ్మా. పులి అబద్ధం, పిల్లి అబద్ధం. కోళ్ళు గుడ్లు మంచిగనే పెట్టినయ్. నా క్యాసెట్లు ఎవరు కొన్నా, కొనకున్నా నాకేంది?"

"సరే సార్, అబద్ధమే. పొద్దుపోతోంది, వెళ్ళొస్తా."

"మంచిది బిడ్డా. ఏ బస్సుకు పోతున్నవ్?"

అప్పటికే ఆయన చెయ్యి జేబులో ఉంది. నిర్మలాదేవి నవ్వు ఆపుకోలేకపోయింది. "చూశారా, ఇప్పుడే అడిగారు!"

రామ్‌సింగ్ చెయ్యి మెల్లగా బయటికి తీసి, శాలువా సర్దుకున్నాడు.

"నేనా? నేనేం అడగలే."