కంభం దాటాక కాలిన వాసన

ఇది నాకే జరిగింది. ఒట్టు పెట్టమంటే పెడతాను... కానీ "నిజమేనా?" అని అడిగేవాళ్లను చూస్తే ముందు కోపం వస్తుంది. ఆ రాత్రి కూడా నేను భయం కన్నా కోపంలోనే ఎక్కువ ఉన్నాను. అందుకేనేమో, ఏదీ మర్చిపోలేదు.

నేను మార్కాపురంలో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తాను. మా చెల్లెలు పద్మ గిద్దలూరులో ఉంటుంది. అప్పుడు దానికి ఏడో నెల. బీపీ పెరిగిందని, పొద్దున్నే మార్కాపురంలో డాక్టరుకు చూపిద్దామని, దాన్ని తీసుకురావడానికి నా పాత కారులో వెళ్లాను. వెళ్లేటప్పుడు ముందు చక్రం దగ్గర బ్రేకు కీచుమంటుంటే గిద్దలూరులోనే ఒక షెడ్డులో ఇచ్చాను. ఆ మెకానిక్ సాయంత్రం దాకా దాన్ని ముట్టుకోలేదు. నేను వెళ్లి నెత్తిన నిలబడితే, అరగంటలో ఏదో విప్పి, ఏదో బిగించి, "ఇంగేం పర్లేదక్కా, ధైర్యంగా పో" అన్నాడు. తోడు వస్తానన్న పద్మ మొగుడు డ్యూటీ పడిందని ఆఖరి నిమిషంలో ఫోన్ చేశాడు. ఇద్దరినీ తిట్టుకుంటూనే బయల్దేరాను. పద్మ వెనక సీట్లో పడుకుంది.

కంభం దాటేసరికి ఏడున్నర. చలికాలం కదా... చిమ్మచీకటి. అప్పుడొచ్చింది వాసన.

ముందు పొలాల్లో ఏదో తగలబెట్టారనుకున్నాను. రెండు కిలోమీటర్లు పోయినా వదలలేదు. అద్దాలు దించాను. వాసన ఇంకా ఎక్కువైంది. అంటే లోపలి వైర్లు కావు, బయటే. హ్యాండ్ బ్రేకు చూశాను... దించే ఉంది. ఇంజన్ వేడి ముల్లు మామూలుగానే ఉంది. కానీ స్టీరింగు వదులుగా పట్టుకుంటే బండి ఎడమకు లాగుతోంది. యాక్సిలరేటర్ తొక్కినా ఎవరో వెనక్కి పట్టుకున్నట్టు మొరాయిస్తోంది. పద్మ చలేస్తోందంది. అద్దాలు ఎత్తేసి, బండి పక్కకు తీసి, నాలుగు ఇండికేటర్లూ వేసి దిగాను.

చక్రాలకు తగలకుండా అరచెయ్యి దగ్గరగా పెట్టి చూశాను. వెనకవి రెండూ చల్లగా ఉన్నాయి. ముందు కుడిది గోరువెచ్చన. ముందు ఎడమది... జానెడు దూరం నుంచే సెగ. సన్నగా పొగ. బ్రేకు పట్టేసి, ఇక వదలలేదన్నమాట. అంతసేపూ నేను బ్రేకు మీదే బండి నడిపాను.

ఆ మెకానిక్ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. కడుపుతో ఉన్న మనిషిని ఎక్కించుకుని పోతున్నానని వాడికి తెలుసు. నీళ్లు పోద్దామని సీసా తీశాను కానీ, కాలే ఇనుము మీద చన్నీళ్లు పోస్తే పగులుతుందని గుర్తొచ్చి ఆగాను. ఇంకెంత, ముప్పై కిలోమీటర్లు. ఎట్లో అట్ల పోదాం, పొద్దున వాడి సంగతి చూద్దాం అనుకున్నాను. ఆ విసురులోనే డ్రైవర్ తలుపు ఫెడీమని వేసి, సీసా వెనక పెడదామని చుట్టూ తిరిగాను.

టక్.

నాలుగు తలుపులూ లాకు పడ్డాయి. తాళం లోపల. ఫోన్ లోపల. పద్మ లోపల.

"పద్మా, లాకు తియ్యి" అన్నాను. పలకలేదు. అద్దం మీద కొట్టాను. గట్టిగా కొట్టాను. ఎంత నిద్రమొహమైనా లేవాలి కదా! తిట్టాను కూడా. ఏడో నెల అని కూడా చూడకుండా నోటికొచ్చింది అన్నాను.

అద్దాలకు నల్ల ఫిల్ము. ఇండికేటర్ వెలిగినప్పుడు మాత్రం లోపల కొంచెం కనిపిస్తుంది. టిక్... పసుపు వెలుతురు. టిక్... చీకటి.

టిక్... పద్మ లేచి కూర్చుని ఉంది.

టిక్...

నావైపు చూడటం లేదు. మొహం అటు, కుడి పక్క సీటు వైపు తిప్పుకుని ఉంది.

టిక్...

తల ఊపుతోంది. మెల్లగా... ఎవరో చెబుతుంటే సరే, సరే అన్నట్టు.

నా చెయ్యి అద్దం మీదే ఆగిపోయింది. దానికవతల సీటు ఖాళీయో కాదో నాకు కనిపించలేదు. ఒట్టి నలుపు. అంత కోపంలోనూ అటువైపు వెళ్లి తొంగి చూడటానికి కాళ్లు రాలేదు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది.

పది నిమిషాలో, పావుగంటో తెలియదు. చివరికి రోడ్డు పక్కన ఒక రాయి తీసుకున్నాను. అద్దం పగలగొడదామని చెయ్యెత్తాను.

టక్. లాకులు లేచాయి.

తలుపు లాగి, ఎందుకు తియ్యలేదే అని అరిచాను. పద్మ నన్ను చూసి వెనక్కి జరిగింది. నా చేతిలో రాయి, నా మొహం... మార్చి మార్చి చూసింది. తర్వాత పక్క సీటు చూసుకుంది. అక్కడెవరూ లేరు.

"నువ్వే కదక్కా తియ్యద్దన్నావు" అంది. "నా పక్కనే కూచున్నావు. చెయ్యి పట్టుకున్నావు. బయట ఎవరో అద్దం కొడ్తాండారు, అటు చూడొద్దు, చల్లారిందాకా తియ్యద్దు అని చెప్పినావు."

వెళ్లి ముందు చక్రం చూశాను. పొగ లేదు. సెగ తగ్గింది. ఇంజన్ వేసి బ్రేకు పదిసార్లు తొక్కి వదిలితే పట్టు సడలినట్టు బండి ముందుకు జరిగింది. రెండో గేరు, మూడో గేరు... బ్రేకు తక్కువగా వాడుతూ, రెండుచోట్ల ఆపి చెయ్యి పెట్టి చూసుకుంటూ ఇల్లు చేరాను.

మర్నాడు మార్కాపురం మెకానిక్ విప్పి చూపించాడు. పిన్ను వంకరగా బిగించడం వల్ల బ్రేకు పట్టేసింది. పక్కనే బ్రేకు ఆయిల్ వచ్చే రబ్బరు పైపు మాడి, ఉబ్బి ఉంది. అట్లనే పోయి ఉంటే పది కిలోమీటర్లలో పైపు పగిలేదనీ, బ్రేకు అసలు పడేది కాదనీ అన్నాడు. గిద్దలూరు వాడికి ఫోన్ చేసి నోరు నొప్పెట్టేదాకా తిట్టాను. పాత బండ్లలో లాకులు వాటంతటవే పడతాయని వాడు నాకే చెప్పాడు. పడతాయేమో. కానీ దాని చెయ్యి పట్టుకున్నదెవరు?

అదేదో గానీ మేలే చేసిందంటారు అందరూ. నాకు దండం పెట్టబుద్ధి కాదు. నా గొంతు పెట్టుకుని, నా చెల్లెలికి నన్నే దయ్యాన్ని చేసి చూపించింది.

పాపకిప్పుడు రెండేళ్లు. చక్కగా ఉంది. కానీ చీకటి పడ్డాక నేను తలుపు కొడితే, పద్మ ఇప్పటికీ వెంటనే తియ్యదు. లోపలే నిలబడి ఉంటుంది... ఊపిరి వినిపిస్తుంది. నేనేనని ఎట్లా చెప్పాలో తెలియక, కోపంతో మళ్లీ కొడతాను.