దిబ్బల దారిలో నీళ్లు

మా మేనత్త ఊరికి నా చిన్నప్పుడు బస్సు లేదు. పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్తల్లో సంగతి. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క పులికాట్ సరస్సు ఉప్పునీళ్లు, మధ్యలో ఇసుక దిబ్బలు. పొద్దున్నే బయల్దేరి ఆ దిబ్బల వెంట నడిస్తే సాయంత్రానికి ఊరు చేరేవాళ్లం. ఆ వేసవి సెలవులకు అత్త వచ్చి నన్నూ, నాలుగేళ్ల మా తమ్ముణ్ణీ తన వెంట తీసుకుపోయింది.

ఆ దారిన పోయేవాళ్లు చద్దిమూట మరిచినా నీళ్లు మరవరు. అత్త ఎండిన సొరకాయ బుర్ర నిండా నీళ్లు పోసి, తాడు కట్టి నా భుజానికి తగిలించింది. తమ్ముడు ఆమె చంకనెక్కాడు.

"మధ్యలో పల్లె లేదబ్బయా. మనకివే నీళ్లు" అంది.

కొంతదూరం పోయేసరికి తాడు ఒరుసుకుని భుజం మండింది. అత్త ముందు నడుస్తోంది. నేను వెనకబడి కడుపు నిండా తాగాను. అయినా బరువు తగ్గినట్టనిపించలేదు. మిగిలినవి ఒంపేశాను. ఇసుక వాటిని క్షణంలో పీల్చేసింది.

కాసేపటికి అత్త వెనక్కి తిరిగింది. "నీళ్లు భద్రంగా ఉండాయా?"

"ఉండాయత్తా."

"అట్టనే ఉండనీ. నాకొద్దులే, చిన్నోడికి కావాల."

అప్పుడైనా చెప్పాల్సింది. లేని నీళ్లను వాడి కోసం దాస్తూ ఆమె ఎండిన నోటితో నడుస్తుంటే, నేను వెనకాలే నడిచాను. దూరం పెరిగేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది.

మిట్టమధ్యాహ్నందాకా అత్త భుజం మీద నిద్రపోయిన తమ్ముడు లేచి కాసేపు ఏడ్చి, ఏడుపు కూడా మానేశాడు. మెడ వాల్చేశాడు. పెదాలు పొక్కిపోయాయి. అత్త నా భుజం మీది బుర్ర అందుకుంది. బరువు లేదని చేతికి తెలిసింది. కొడుతుందనుకున్నాను.

"యాడ ఒంపినావు?"

"మన ఊరు ఇంకా కనపడతా ఉన్నప్పుడే."

"అప్పుడే చెప్పుంటే ఎనక్కి పోయుందుము గదరా."

ఇప్పుడు ఎటు నడిచినా పిల్లవాడు తట్టుకోడు. వాణ్ణి మొగలి పొద నీడలో పడుకోబెట్టి, దిబ్బ కింది పల్లంలో ఇసుక తవ్వడం మొదలుపెట్టింది. నేనూ పక్కనే కూర్చుని, తప్పు దిద్దుకోవాలన్న ఆత్రంతో గోళ్లు చీలేలా లోతుకు తవ్వాను. నీళ్లు ఊరాయి. నాలుకకు తగిలిస్తే ఒట్టి ఉప్పు.

"లోతుకు పోగూడదురా. మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేల్తా ఉంటాయి. పైపైనే తీసుకోవాల" అంటూ నన్ను పక్కకు నెట్టింది. తను వెడల్పుగా, తక్కువ లోతున తవ్వి, చేతులు వెనక్కి తీసుకుని కాచుకుంది. ఇసుక తడిసింది. నీళ్లు మాత్రం చుక్క చుక్కగా ఊరుతున్నాయి. తమ్ముడి రొమ్ము కదులుతోందా లేదా అని చూస్తూ, తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. నాకు దాహం వేయకపోవడం నాకే అసహ్యమనిపించింది.

అత్త కొంగు తడిపి వాడి నోట్లో పిండింది. నీళ్లు పెదాల పక్కనుంచి కారిపోయాయి. మళ్లీ పిండింది. ఎన్నిసార్లో తెలియదు. చివరికి వాడి గొంతు కదిలింది. కాసేపటికి కళ్లు తెరిచి, "ఇసక" అని ఉమ్మేశాడు.

"దొరగారికి పన్నీరు కావాలంట" అంది అత్త. కళ్లు తుడుచుకున్నాకే తను దోసిట్లో తీసుకుని తాగింది.

పొద్దు వాలాక మెల్లగా ఊరు చేరాం. మా ఇంట్లో ఎవరికీ ఆమె ఈ సంగతి చెప్పలేదు. "నువ్వే చెప్పుకోవాల" అని నాతో మాత్రం అంది. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండిపోయాను. మా అమ్మ పోయేదాకా చెప్పలేకపోయాను. పెద్దయ్యాక కూడా, వెనక్కి మళ్లే వీలున్నంతసేపూ నోరు మూసుకుని, నా వాళ్లను నా వెంట నడిపించిన సందర్భాలు ఉన్నాయి. వాటికి అత్తను తప్పుపట్టలేను. ఆమె నేర్పింది, నేనే నేర్చుకోలేదు. ఈ వయసులో మాత్రం, నా చేతిలో ఏదైనా చెడితే ముందు నా భార్యను పిలిచి కూర్చోబెడతాను. చెప్పడం ఆ రోజంత కష్టంగానే ఉంటుంది. అయినా చెబుతాను.