మైలేజీ మనది కాదు

పోయిన మంగళవారం పొద్దున్న ఊరికి ఆ చివరున్న బాగ్‌బేరా నుంచి మా అత్త పక్కింటావిడ వచ్చి, ఈ చివర సోనారిలో మా గుమ్మం ముందు ఆటో దిగింది. ఎప్పుడూ రాని మనిషి అంత పొద్దున్నే వచ్చిందంటేనే నాకు సగం అర్థమైపోయింది. "అమ్మీ, మీ అత్త ఎల్లిపోనాదే. పొద్దుట చాయ్ తాగి, గళాసు కడిగి బోర్లించి, ఆరామ్‌గా గోడకి జేరబడి కూకున్నాది. కూకున్నది కూకున్నట్టే..." అని నా చెయ్యి పట్టుకుంది. ఏడవడానికి ముందు నాకో పిచ్చి ఆలోచన వచ్చింది. ఆటోవాడికి డబ్బులిస్తుంటే, "ఒక్క మనిసికి ఆటో మొత్తం ఎందుకే, నలుగురెక్కేదాకా ఆగలేకపోనావా" అని మా అత్త పక్కన నిలబడి గొణుగుతున్నట్టే అనిపించింది. ఆ తర్వాతే ఏడుపొచ్చింది.

అత్త మా నాన్నకి అక్క. మావయ్య టాటానగర్‌లో గూడ్సు బండి డ్రైవరుగా చేసేవాడు; ఆయన కొన్నేళ్ళ కిందటే పోయాడు. వాళ్ళకి పిల్లల్లేరు. కాలేజీ చదువు కోసం పదహారేళ్ళ వయసులో నన్ను విజయనగరం వైపు నుంచి తెచ్చి వాళ్ళింట్లో దింపారు. పెళ్ళయ్యేదాకా అక్కడే ఉన్నాను. అంటే ఆవిడ పీనాసితనాన్ని నేను దూరం నుంచి చూసినదాన్ని కాదు, మూడు పూటలా తిన్నదాన్ని. ఆ మాట నాన్నకి ఉత్తరంలో రాశాను కూడా. "అత్త మంచిదే కానీ పరమ పీనాసి" అని. ఇవాళ ఆ ఉత్తరం దొరికితే చించేద్దును.

నేను వెళ్ళేసరికి వాళ్ళు రైల్వే క్వార్టరు వదిలేసి, కాలనీ బయట రెండు గదుల సొంత ఇల్లు కొనుక్కుని ఏడాది దాటింది. సొంతం అనడమే కానీ ఇంటి కాగితాలు తనఖాలో ఉన్నాయి. ఉద్యోగుల సహకార సంఘం ఒకటి పదిహేనేళ్ళ గడువు మీద అప్పిచ్చింది. కంతు నెలనెలా జీతంలోనే కోసేసుకునేవారు. మిగతావాళ్ళందరికీ అంతటితో సరి. మా అత్తకి మాత్రం సరిపోయేది కాదు. "పదిహేనేళ్ళంటే ఎవుడు సూసొచ్చినాడే?" అనేది.

ఆవిడ భయం దేనికో నాకు తెలియడానికి కొంతకాలం పట్టింది. రైలు నడిపేవాళ్ళకి జీతం కాక, బండి తిరిగిన దూరాన్ని బట్టి ఇంకొంత వస్తుంది. దాన్ని మైలేజీ అంటారు. చిన్న మొత్తం కాదు. ఆ డబ్బుతోనే చుట్టుపక్కల డ్రైవర్ల ఇళ్ళలో రేడియోలు మోగేవి, ఆదివారం మాంసం ఉడికేది. కానీ డ్రైవర్లకి కొన్నేళ్ళకోసారి కంటి పరీక్ష ఉంటుంది. అందులో తప్పితే బండి దింపేసి ఏదో కూర్చునే పని ఇస్తారు. ఆ రోజుతో మైలేజీ బంద్. మావయ్య తండ్రీ ఇదే ఉద్యోగం చేసి, యాభై రాకుండానే చూపు మందగించి దిగిపోయాడట. అందుకని మా అత్త ఇల్లంతా మూల జీతం మీదే నడిపేది. మైలేజీలో ఒక్క రూపాయి వంటింట్లోకి రానిచ్చేది కాదు.

"మైలేజీ మనది కాదే అమ్మీ. అది మీ మావ కళ్ళకిచ్చే డబ్బు. దాంతో కూరలు కొనీడానికి అలవాటు పడిపోతే, రేపది ఆగిపోయినప్పుడు నోరు ఊరుకుంటాదేటి?"

జీతాల రోజు రైలింజన్లు నిలిపే లోకో షెడ్డు గేటు బయట ఒక వరస ఉండేది. వడ్డీ వ్యాపారుల వరస. బయటికొచ్చిన మనిషిని అక్కడికక్కడే పట్టుకోకపోతే సాయంత్రానికి జేబు ఖాళీ అవుతుందని వాళ్ళకి తెలుసు. ఆ వరసలో గొడుగు వేసుకుని మా అత్త కూడా నిలబడేది, ఆడమనిషి ఆవిడొక్కతే. వాళ్ళలో తలపాగా పెద్దాయన ఒకడు, ఆవిణ్ణి చూడగానే పక్కకి జరిగి హిందీలో "పహలే మాజీ", ముందు అమ్మ, అని చోటిచ్చేవాడు. మావయ్యకి తల కొట్టేసినట్టుండేది.

"ఆళ్ళ సరసన నిలబడి నా పరువు తీసేత్తన్నావు."

"ఆళ్ళందరికన్నా నాకే నువ్వు ఎక్కువ బాకీ. ఇలగియ్యి."

మైలేజీ డబ్బు అందుకుని అక్కణ్ణుంచి తిన్నగా సంఘం ఆఫీసుకి, బాకీలో కట్టడానికి. మండుటెండైనా సరే, ముందు ఇంటికి వచ్చేది కాదు. ఒకసారి అడిగితే, "డబ్బుని ఇంట్లోకి తెత్తే దానికి మన అవసరాలన్నీ తెలిసిపోతాయే" అంది.

కంతు కాక అదనంగా కట్టాలంటే ప్రతిసారీ అర్జీ పెట్టుకోవాలి. ఆవిడకి చదువు రాదు. ఇంగ్లీషులో అర్జీలు రాసే పని నాకిచ్చింది. నేనేమో కాలేజీ పిల్లనన్న గీరతో రాసేశాను. అదనపు డబ్బుని రాబోయే కంతుల కింద ఉంచమని రాశాను. గుమాస్తా అలాగే ఉంచాడు. అసలులోంచి కొయ్యమని నేను రాయలేదు కాబట్టి ఏడు నెలలపాటు అసలు మామూలుగా తగ్గేదే తప్ప ఒక్క పైసా అదనంగా తగ్గలేదు. పట్టుకున్నది చదువురాని మా అత్తే. "ఇంత కడతంటే వడ్డీ గబగబా దిగాల గదా, దిగదేటి?" అని వెళ్ళి ఆఫీసు బెంచీ మీద మధ్యాహ్నమంతా కూర్చుంది. చివరికి గుమాస్తా విసుక్కుని, నేను రాసిన కాగితాలు తీసి చూపించాడు.

ఆ సాయంత్రం నేను అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. ఆవిడ నా కంచంలో పప్పు వేస్తూ, "నీ సదువుకి ఏడు నెలల వడ్డీ ఫీజు కట్టినాం. ఇంక పెద్ద క్లాసుకి ఎల్లకు తల్లీ, మా వల్ల కాదు" అంది. మావయ్యకి పొలమారింది. నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆ తర్వాత నేను రాసిన ప్రతి అర్జీ మడతపెట్టే ముందు తెలుగులో చదివి వినిపించాల్సిందే.

మరి తిండి మాటేమిటంటారా? లోటు లేదు, హంగు లేదు. మాంసం నెలకో ఆదివారం. మిగతా ఆదివారాలు గుడ్లు, లేకపోతే ఊరి నుంచి వచ్చిన ఎండు చేపలు. పొయ్యిలోకి రాక్షసిబొగ్గు కొనేది కాదు. బొగ్గు పొడి చవగ్గా తెచ్చి, బంకమట్టితో కలిపి, ఉండలు చేసి పెరట్లో ఎండబెట్టేది. అక్కడివాళ్ళు వాటిని గుల్ అంటారు. వాటితో చేతులు నల్లబడేవని నేను మొహం ముడుచుకుంటే, "నువ్వు రాయి, నాను సేత్తాను" అని నన్ను చదువుకి తోలేసేది. కార్ఖానాలో పని వెతుక్కుంటూ ఊరి నుంచి ఎవరొచ్చినా మాత్రం వాళ్ళకి రెండు కూరలు చేసేది. అదేమిటని అడిగితే, "మన అప్పు మన కంచంలో తీరాల. ఆకలితో వచ్చినోడి కంచంలో కాదు" అంది. పీనాసి అని నేను రాసిన మనిషి ఈవిడే.

సరదా కూడా ఉండేది. ఆదివారం సాయంత్రాలు ముగ్గురం సోనారి ఏరోడ్రోముకి వెళ్ళేవాళ్ళం. కంచె బయట గడ్డిలో కూర్చుని, మరమరాలు తింటూ, చిన్న విమానం ఎప్పుడు దిగుతుందా అని చూసేవాళ్ళం. ఒక్కోసారి దిగేదే కాదు. అయినా మా అత్త, "టికెట్టు లేదు గదా, నష్టమేటి" అని హాయిగా నవ్వేది. ఆ సాయంత్రాల్లో నేను నిజంగా సంతోషంగా ఉన్నాను. ఆ మాట అప్పుడే చెప్పి ఉండాల్సింది.

అప్పు తీసుకున్న ఏడో ఏడు మావయ్యకి కంటి పరీక్ష దగ్గరపడింది. మరో రెండేళ్ళు మైలేజీ వస్తే బాకీ పూర్తిగా తీరిపోయేది. ఒకరోజు అత్త బజారుకి వెళ్ళినప్పుడు మావయ్య నా దగ్గరికి ఓ కాగితం తెచ్చాడు. కంటి పరీక్ష బోర్డు మీద ఉండే అక్షరాలు వరసగా రాసి ఉన్నాయి. షెడ్డులో ఎవరో ఇచ్చారట. "ఇయ్యి నాకు కంఠతా వచ్చేలా సెయ్యి. మీ అత్తకి సెప్పకు" అన్నాడు. నేను చదవడం, ఆయన అప్పగించడం. నాలుగు రోజులు గడిచాయి. తప్పని నాకు తెలియక కాదు. అత్త కష్టం గట్టెక్కుతుంది కదా అనుకున్నాను.

ఐదో రోజు మధ్యాహ్నం ఆరేసిన బట్టలు తీసుకుని అత్త పెరట్లోంచి వచ్చేసరికి మావయ్య మూడో వరస అప్పగిస్తున్నాడు. ఆవిడ కాగితం చూసింది, నా మొహం చూసింది. చదువు రాకపోయినా అర్థమైపోయింది. మావయ్యని పెరటి గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కణ్ణుంచి యార్డు చివర సిగ్నలు స్తంభం కనిపిస్తుంది. దాని చెయ్యి అడ్డంగా ఉంటే బండి ఆగాలి, కిందికి వాలితే వెళ్ళొచ్చు.

"మావా, సెయ్యి దిగిందా లేదా?"

ఆయన చాలాసేపు చూశాడు. "దిగింది" అన్నాడు.

"అమ్మీ, నువ్వు సెప్పు."

"దిగలేదత్తా" అన్నాను.

మావయ్యే అన్నాడు, "పక్కన అసిస్టెంటు సూత్తాడు గదా. దారంతా నాకు నోటికొచ్చు."

"దారి నోటికొచ్చు. దారిలోకొచ్చే మనుసులు నోటికొత్తారేటి? లైను మీద పట్టాలు బాగుసేసే గేంగ్‌మన్లుంటారు. ఆళ్ళకీ ఇళ్ళున్నాయి. రేపు ఆస్పత్రికెల్లి నువ్వే సెప్పీ."

"రెండేళ్ళే గదే. మైలేజీ పోద్ది."

"అది మనదని ఎప్పుడనుకున్నాం?" అంది. చేతిలో బట్టలు మట్టిలో పడ్డాయి. ఏడేళ్ళుగా ఆవిడ పరుగెత్తింది మైలేజీ ఆగేలోగా అప్పు తీర్చడానికే. మిగిలిన ఆ రెండేళ్ళనీ తన చేత్తోనే వదిలేసుకుంది. నాకు మా అత్త మీద గౌరవం అనేది పుట్టింది ఆ పెరట్లోనే.

మావయ్య మర్నాడు వెళ్ళి చెప్పాడు. బండి దింపేశారు. దగ్గరి చూపు బాగానే ఉంది కాబట్టి షెడ్డు ఆఫీసులో డ్యూటీల పుస్తకం రాసే పని ఇచ్చారు. ఆ నెల మైలేజీ లేకుండా జీతం వచ్చింది. రాత్రి కంచాల ముందు కూర్చున్నప్పుడు నేను బిక్కుబిక్కుమంటూ చూశాను. అదే పప్పు, అదే చారు, అదే వేపుడు. ఒక్క మెతుకు తగ్గలేదు. తగ్గడానికి మేము మైలేజీ తింటే కదా. మావయ్య కంచంకేసి చూసి, "ఇంకొంచెం చారు పొయ్యి" అన్నాడు. అదే ఆయన మెప్పు.

తర్వాత ముందుగదిని మనవైపు నుంచి వచ్చిన ఇద్దరు కూలీలకి అద్దెకిచ్చి, ఆ అద్దెని పైసా ముట్టకుండా అసలుకి కట్టింది. మేం ముగ్గురం వెనకగదిలో సర్దుకున్నాం. రెండేళ్ళలో తీరాల్సింది నాలుగేళ్ళు పట్టింది. అయినా పదిహేనేళ్ళ అప్పు పదకొండో ఏడు నిండకుండానే తీరిపోయింది.

అప్పటికి నాకు పెళ్ళై సోనారిలో ఉన్నాను. అత్త కబురు పెట్టింది. "నువ్వు రాసిన అర్జీలతో ఇంటికొచ్చిన కాగితాలు. నువ్వే సదవాల" అంది. వాకిట్లో కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టింది. దస్తావేజు హిందీలో ఉంది. నేను తెలుగులో చెబుతూ చదివాను. హద్దుల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ లేచింది.

"తూర్పున రోడ్డు" అన్నాను. వెళ్ళి రోడ్డు వైపు గోడ మీద చెయ్యి పెట్టింది. దక్షిణాన పక్కింటివాళ్ళ గోడ. అక్కడికీ వెళ్ళింది. చూపు ఇంకా మందగించిన మావయ్య వెనకాలే నడుస్తున్నాడు. "ఇటు, మెట్టుంది సూసుకో" అని ఆవిడ చెబుతోంది. పడమర రైల్వే వాళ్ళ జాగా. ఉత్తరాన మురుగు కాలవ.

"కాలవ మనదేటి?"

"కాదత్తా. కాలవ దాకా మనది."

"అయితే సరే." ఆ గోడకి అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. "అయిపోయిందేటి?"

"అయిపోయింది."

"మళ్ళీ మొదట్నుంచి సదువే. ఈసారి మావ ముందు నడుత్తాడు."

నేను మళ్ళీ మొదలుపెట్టాను. మావయ్య ముందు, ఆవిడ రెండడుగులు వెనక. ఈసారి మెట్టు గురించి ఆవిడ చెప్పలేదు. తూర్పు గోడ దగ్గర ఆయన ఆగి, నేను నోరు తెరవకముందే, నోటికొచ్చిన దారి అప్పగిస్తున్నట్టు, "రోడ్డు" అన్నాడు.