తెల్లబడిన కన్ను, అటకెక్కిన మాత్రలు

మా తాత బలరామయ్య మేస్త్రీ ఉరిమి చూస్తే చాలు, వంకర గోడ తనంతట తానే నిటారుగా నిలబడుతుంది. గుడియాత్తంలో ఆయన వేసిన మిద్దె కారిందంటే తప్పు మిద్దెది కాదు, వానది. ఈ గొప్పలు నేను చెబుతున్నవి. ఆయన చెప్పుకోవడం మానేసి చాలా ఏళ్లయింది. అందుకు కారణం నా ఎడమ కన్ను.

1997లో నాకు ఎనిమిదేళ్లు. కన్ను ఎర్రబడితే సున్నం పడిందని తాత ఆముదం చుక్క వేశాడు. తగ్గలేదు. వేలూరు ఆసుపత్రిలో కంటి లోపల వాపు అన్నారు. మాత్రలిచ్చి, తాము చెప్పేదాకా ఆపొద్దన్నారు. నెల తిరగకముందే ఎరుపు పోయి కన్ను మామూలుగా తెల్లబడింది. మాత్రలకు ముఖం మాత్రం బూరెలా ఉబ్బింది. వీధి పిల్లలు నన్ను గుమ్మడికాయ అన్నారు.

"ఎర్ర పోయింది గదా, ఇంకేంటికి మాత్రలు?" అని తాత వాటిని అటకెక్కించాడు.

"డాక్టరమ్మ చెప్పిందేమి, నువ్వు చేసేదేమి?" అంది అవ్వ కుప్పమ్మ.

"నువ్వు పొయ్యి చూసుకోమ్మే!"

కొత్త మిద్దె పైన ఆరగానే నీళ్లు పట్టడం మానేసే ఇంటివాళ్లను, "లోపల ఇంకా పచ్చిగా ఉండాదయ్యా!" అని వీధంతా వినేలా తిట్టే మనిషి ఈయనే.

చెప్పిన రోజుకు మళ్లీ వేలూరు వెళ్లాం. నా చేతికి పసుపురంగు మందు ఎక్కించి, కంటి లోపలి ఫొటోలు తీశారు. నల్లటి ఫొటోలో చెట్టు వేళ్లలా తెల్లటి రక్తనాళాలు. సన్నటి కొసల దగ్గర పాలు ఒలికినట్టు మసక.

"ఈ సన్న నాళాలు కారతా ఉండాయి పెద్దాయనా. బయటికి తెలీదు. వదిలేస్తే చూపు పోతాది. మాత్రలు దినామూ ఇస్తా ఉండారా?" అంది డాక్టరమ్మ.

"ఇస్తానే ఉండామమ్మా."

"అయితే మాత్రలకు లొంగలేదు. వారానికొక సూది వెయ్యాల. ఘాటు మందు. చిన్నబిడ్డకు కష్టమే."

ఆమె చీటీ రాయడం మొదలుపెట్టింది. తాత ఆ ఫొటోనే చూస్తున్నాడు. ఆయన చెవులు ఎర్రబడటం చూసి, నేను బల్ల కింద కాళ్లు ఊపడం ఆపేశాను. ఆయన లేచి, భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకొన్నాడు.

"రాయొద్దు తల్లీ. మాత్రలు నేనే ఆపినాను. ఇరవై దినాలాయ."

వెనక కూర్చున్నవాళ్లంతా మెడలు సాచారు. డాక్టరమ్మ తిట్టలేదు. చీటీలో సూది మందు పేరు కొట్టేసి, మాత్రలే మళ్లీ రాసింది. బస్సులో గుడియాత్తం దాకా తాత ముఖాన తువ్వాలు కప్పుకొనే ఉన్నాడు. టిక్కెట్టు కూడా నేనే అడిగి తీసుకొన్నాను.

ఆ తర్వాత ఏడాదంతా నేను మింగి నోరు తెరిచి చూపేదాకా ఆయన పనికి కదలలేదు. మాత్ర వేళ తప్పుతుందని నెమిలి అనే ఊళ్లో పెద్ద పని వదులుకొన్నాడు. నాళాలు కారడం ఆగింది. చూపు నిలిచింది, ఒక మూల బొటనవేలంత మసక తప్ప.

తాతకు తెలుగు మాటే గాని అక్షరం రాదు. అందుకని ఇదంతా చదివి వినిపించాను. పొగడ్తకు మురిసిపోతాడనుకొన్నాను.

"నేనే ఆపినానని యాడ చెప్పినా?" అన్నాడు. "బిడ్డే ఉమ్మేసిందని చెప్పినాను. డాక్టరమ్మ నిన్ను తిట్టింది. అది కొట్టేసి, ఇది రాయి."