రెడ్డిగూడెం మీద ఎదురుపడ్డ డకోటా

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిగిలిపోయిన విమానాలను అమ్మకానికి పెడితే, మా నూజివీడు వైపు తోటలున్న ఒక పెద్దమనిషి ముచ్చటపడి ఒకటి కొన్నారు. పైకప్పు లేని, రెండు సీట్ల బుల్లి విమానం. కొన్నాక గాని ఆయనకు తెలియలేదు, నేల వదిలితే తన కడుపు తిప్పుతుందని. అయినా అమ్మడానికి మనసొప్పలేదు. మద్రాసులో విమానం నడపడం నేర్చుకుని, ఉద్యోగం లేక ఊళ్ళో తిరుగుతున్న నన్ను పిలిచి, "ఇంజను తుప్పు పట్టకుండా అప్పుడప్పుడూ తిప్పుతూ ఉండు బాబూ" అన్నారు. అలా నేను గన్నవరం మైదానంలో పైలట్‌నయ్యాను. పెళ్ళి కాలేదు, బాధ్యత లేదు, చేతిలో విమానం ఉంది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది.

మా మేనత్తకు రెడ్డిగూడెంలో మామిడి తోట ఉండేది. మామయ్య ఎంత నెమ్మదస్తుడో, ఆవిడ అంత చురుకు. నా ఉద్యోగం సంగతి తెలియగానే బండి కట్టించుకుని, మామయ్యను వెంటబెట్టుకుని వచ్చేసింది.

"ఒరేయ్, నా తోట నాకు పైనుంచి చూపించు."

"రోజూ చూస్తూనే ఉన్నావుగా, మళ్ళీ పైనుంచి ఎందుకే?" అన్నాడు మామయ్య.

"మన తోట కాదండీ, పక్క తోటవాళ్ళ కాపు చూడాలి. కంచె ఇవతల నుంచి ఏం కనపడుతుంది?"

ఈ మాట విని విమానం ఓనరుగారు పడీపడీ నవ్వి, తీసుకెళ్ళమన్నారు.

రసాల మామిడి కాపు చివరికొస్తున్న రోజులు. అక్కడక్కడా మబ్బులు పట్టి ఉన్నాయి గాని గాలి లేదు. తోలుటోపీ అత్తయ్య కొప్పు మీద ఎక్కలేదు. కొప్పు విప్పి జడ వేసుకుని, కొంగు నడుముకు బిగించి, విమానం రెక్కను తాకి కళ్ళకద్దుకుని ముందు సీట్లో కూర్చుంది. ఒళ్ళో గుడ్డసంచి, దాని నిండా రసాలు.

"అవెందుకు అత్తయ్యా?"

"దాహం వేస్తే? అక్కడ ఎవరిస్తారు?"

నేను వెనక సీట్లో ఉంటాను. ఇంజను రొదలో మాటలు వినపడవు కాబట్టి ఇద్దరి మధ్యా ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. దానిలోంచి నేను ఆవిడకు ధైర్యం చెబుదామనుకున్నాను. నాకు సందు దొరికితేగా! చక్రాలు నేల వదలగానే కెవ్వుమని అరిచింది. భయపడిందనుకుని దించేయబోయాను. "దించావంటే చంపుతా! ఇంకా పైకి!" అంది. ఇక అక్కణ్ణుంచి నూజివీడు దాకా ఆవిడ నోరు ఆగలేదు. రోడ్డు మీద కాయల బళ్ళు చూసి కేకలు, ఎవరిదో దూడ తోక ఎత్తి పరిగెడితే కేకలు. ఆవిడ సంబరం గొట్టంలోంచి నాకూ ఎక్కింది. ఊరికే రెక్కలు అటూ ఇటూ ఊపుతూ పోయాను.

రెడ్డిగూడెం వచ్చింది. "అదిగో మా మోటబావి! ఒరేయ్, పక్కకి వంచు, వంచు, వాళ్ళ చెట్లు కనపడాలి" అంది. నేను విమానాన్ని పక్కకు వంచి గుండ్రంగా తిప్పుతున్నాను. ఇద్దరం కిందికే చూస్తున్నాం. ఉన్నట్టుండి గొట్టంలో ఆవిడ గొంతు, వీధిలో చుట్టాలొస్తున్నారని చెప్పినంత మామూలుగా వినిపించింది.

"ఒరేయ్, ఎడమ పక్క ఎవరో వస్తున్నారు."

తలెత్తాను. మబ్బులోంచి వెండిరంగు డకోటా, హైదరాబాదు నుంచి గన్నవరం వచ్చే ప్యాసింజర్ విమానం, ముక్కు కిందికి దించుకుని సూటిగా మా మీదికి వస్తోంది. రెండు ఇంజన్లు, వాటి మధ్య అద్దాల్లో రెండు మొహాలు. మా దానికి రేడియో లేదు. ఉన్నా మాట్లాడే వ్యవధి లేదు. విమానాన్ని తిప్పే కర్రను ముందుకు, కుడికి ఒక్కసారిగా నెట్టి కిందికి దూకించాను. అవతలి పైలట్ కూడా తన రెక్క ఎత్తేశాడు.

అప్పుడు నా కళ్ళ ముందు అత్తయ్య సంచిలోంచి రసాలు లేచాయి. ఒకటి, రెండు, నాలుగు, పచ్చగా బంగారంలా, బరువన్నది లేనట్టు గాల్లో తేలి, వరసగా నా వైపు వచ్చాయి. ఒకటి నా కళ్ళద్దాల మీద పగిలింది. మిగిలిన ఒక్క కంటితో చూస్తే, డకోటా కిటికీలు మా పక్కనుంచి జారిపోతున్నాయి. పేపరు పట్టుకుని నోరు తెరిచిన ఒకాయన, అద్దానికి ముక్కు ఆనించిన ఒక పిల్ల. అత్తయ్య రెండు చేతులూ ఎత్తి వాళ్ళకు దణ్ణం పెట్టింది. పేపరాయన పేపరు వదిలేసి తిరిగి దణ్ణం పెట్టాడు!

ఆ వెంటనే దాని వెనక గాలి మమ్మల్ని పట్టుకుని కుదిపేసింది. విమానం సరిచేసుకునేసరికి గొట్టంలో ఏదో శబ్దం. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. ఆ నవ్వు విని నేనూ మొదలుపెట్టాను. నూజివీడు దాటేదాకా ఇద్దరికీ ఆగలేదు.

గన్నవరంలో దిగేసరికి డకోటా పైలట్ తెల్లటి యూనిఫారంలో మా వైపే వస్తున్నాడు. తెలుగాయనే. "కళ్ళెక్కడ పెట్టుకుని నడుపుతున్నావయ్యా?" అని మొదలుపెట్టాడు. నా మొహం నిండా రసం కారుతోంది. క్షమించమని నోరు తెరిచే లోపు అత్తయ్య రెక్క మీదనుంచి దిగింది.

"వాణ్ణేం అనకండి బాబూ. కిందికి చూడమంది నేనే."

"మీరెవరమ్మా?"

"వాడి మేనత్తనండీ."

ఆయన ఆవిడ తోలుటోపీ చూశాడు, ముక్కుపుడక చూశాడు. కోపం ఎటు పోయిందో గాని, గడ్డిలో కూలబడ్డాడు. "మా పక్క సీటు పైలట్ 'సార్, ఎవరో ముసలావిడ మనకు దణ్ణం పెడుతోంది' అంటే, పోయామనే అనుకున్నానమ్మా. పైలోకంలో ఎవరో ఎదురొచ్చారనుకున్నా" అన్నాడు.

"ముసలావిడా?" అంది అత్తయ్య.

అంతే, ముగ్గురం నవ్వుల్లో పడ్డాం. పేపరాయన కూడా దిగొచ్చాడు. సంచిలో మిగిలిన రెండు కాయలు అత్తయ్య వాళ్ళిద్దరి చేతుల్లో పెట్టింది. యూనిఫారం కాలరు మీద రసం పడకుండా పైలట్ మెడ ముందుకు సాచి పీల్చుకుతిన్నాడు. వెళ్ళేముందు మాత్రం నన్ను పక్కకు పిలిచి, డకోటా వచ్చే వేళకు నేను గాల్లో ఉండనని ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు తప్పలేదు.

మర్నాడు పొద్దున మంచం దిగబోతే నా కాళ్ళు వణికాయి. భయం ఒక పూట ఆలస్యంగా వచ్చిందన్నమాట. కాసేపు కూర్చుని, కాఫీ తాగి, సైకిలెక్కి మళ్ళీ గన్నవరం పోయాను.