ఎర్ర బిన్ ఉన్న మూల

ఎర్ర బిన్ పెట్టిన మూల కెమెరాకు కనబడేది. బాగా కనబడేది. ఈ రెండు వాక్యాలు నేను ఏడేళ్ల కిందటే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. వాటికి సరిగ్గా వ్యతిరేకమైన మాట చెప్పాను. ఆ మాటను నిజం చేయడానికి నిచ్చెన కూడా ఎక్కాను. అప్పటి నుంచి కెమెరాలు నన్ను వదలడం లేదు. దుకాణంలో బిల్లు కోసం నిలబడి తలెత్తితే పైన ఒక కెమెరా. లిఫ్టులో ఇంకోటి. ఈ బెంగళూరులో కెమెరా లేని గోడ ఎక్కడుందని పారిపోవాలి?

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. ఆమె పేరు మారుస్తున్నాను. రత్నమ్మ అనుకోండి.

ఫ్యాక్టరీలుండే పీణ్యలో ఒక చిన్న ప్రెస్ షాపులో మెయింటెనెన్సూ ఆఫీసు పనులూ నేనే చూసేవాణ్ని. ప్రెస్సు మెషీన్లలో ఇనుప రేకును నొక్కి, స్కూటర్లలో వాడే బ్రాకెట్లు చేసేవాళ్లం. యజమాని కెమెరాలు పెట్టించాలనుకున్నప్పుడు ఆ పని నాకే వచ్చింది. కెమెరాలు ఎంచుకోవడానికి పదిమంది వచ్చి నిలబడ్డారు. బొమ్మ స్పష్టంగా ఉందా, ఫోనులో చూడొచ్చా, ఇవే అందరి ప్రశ్నలు. ఆ బొమ్మలన్నీ దేంట్లో దాస్తాం, ఎన్నాళ్లు దాస్తాం అని ఒక్కరూ అడగలేదు. అడగాల్సినవాణ్ని నేను. నేనూ అడగలేదు.

కెమెరాలు బిగించడానికి వచ్చిన బాషా భాయ్ మాత్రం ఆ సంగతే పట్టుకున్నాడు. ముప్పై రోజుల రికార్డింగు ఉండాలంటే పెద్ద డిస్కు కావాలన్నాడు. అది కూడా ఇరవై నాలుగు గంటలూ ఆగకుండా రాయడానికి చేసిన రకం అయి ఉండాలన్నాడు. నా బీరువాలో పాత ఆఫీసు కంప్యూటర్ల నుంచి తీసిన డిస్కులు రెండున్నాయి. అవే వేయమన్నాను.

"అన్నా, అది తొమ్మిదికొచ్చి ఆరుకు పొయ్యే మనిషి మాదిరి. ఈడ మూడు షిఫ్టులూ చేసే మనిషి కావల్ల," అన్నాడు.

"మా కంపెనీలో అందరూ ఓవర్‌టైం చేస్తారు భాయ్, అదీ చేస్తుంది," అని నవ్వాను.

ఆ జోకు గుర్తొస్తే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. కానీ ఆ రోజు నాకది తెలివిగా తోచింది. కొత్త డిస్కు కొనకుండా పని పూర్తి చేశానని యజమాని అందరి ముందు మెచ్చుకున్నాడు. ముప్పై రోజులు ఉంటుంది కదా అని అడిగాడు. ఉంటుంది సార్ అన్నాను. రెండు డిస్కులూ కలిపి రెండు వారాలకు మించవని బాషా చెప్పాడు. అది నేను ఎవరికీ చెప్పలేదు. అబద్ధం అక్కడే మొదలైందా? నేను దాన్ని అబద్ధం అనుకోలేదు. అడిగినప్పుడు చూద్దాంలే అనుకున్నాను. నా ఉద్యోగ జీవితంలో సగం ఆ 'చూద్దాంలే' మీదే నడిచింది.

ఏడాది తిరిగింది. ఆయుధ పూజకు రెండు వారాల ముందు కెమెరా బొమ్మలు దాచే రికార్డర్ పెట్టె కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఆగదు. అర నిమిషానికోసారి.

"ఏం సార్, మీ డబ్బాకు ప్రాణం పోతా ఉండాదా ఏమి? అట్ల అరస్తా ఉండాదే!" అన్నాడు పక్క బల్ల గోపాలప్ప. ఆఫీసంతా నవ్వింది.

నాకు తల పగిలిపోతోంది. పూజ పనులు, గుమ్మడికాయలు, మామిడాకులు, మధ్యలో ఈ అరుపు. తెర మీద చూస్తే ఒక డిస్కు చెడిపోయిందని రాసుంది. నేనేం చేశాను? సెట్టింగులు తెరిచి అరుపు ఆపేశాను. డిస్కును కాదు, అరుపును సరిచేశాను. అందరూ హమ్మయ్య అన్నారు. పూజ రోజున మెషీన్లన్నిటికీ పసుపూ కుంకుమా పెడుతూ రికార్డర్‌కూ ఒక బొట్టు పెట్టాను, పూల దండ వేశాను, చేతులు జోడించాను. లోపల ఒక డిస్కు చచ్చిపడి ఉందని నాకు తెలుసు. చదివి చూసి, తెలిసే దండ వేశాను. ఎంతటి మూర్ఖుడికైనా ఇది వీలవుతుందా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను.

ఇక రత్నమ్మ గురించి. తాతల కాలం నుంచి బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం ఆమెది. మా షాపులో తొమ్మిదేళ్లుగా ముక్కల తనిఖీ చేసేది. అందరికీ రత్నక్క. తనిఖీ చేసేవాళ్లకు తలా ఒక నంబరు ముద్ర ఉంటుంది. ముక్కలు చూసి, బాగున్న పెట్టె చీటీ మీద ఆ ముద్ర వేస్తారు. చెడ్డవి ఎర్ర బిన్‌లో వేస్తారు. రత్నక్క ముద్ర నాలుగో నంబరు. కొత్తగా చేరిన ఆడపిల్లలందరికీ పని నేర్పింది ఆమే. మంజులకైతే కొలత చూసే గేజి పట్టుకోవడం దగ్గర నుంచి నేర్పింది.

దీపావళి అయిన కొద్ది రోజులకు, ఒక శనివారం, కస్టమర్ దగ్గర నుంచి ఫోను వచ్చింది. మేము పంపిన పెట్టెల్లో రంధ్రం పక్కకు జరిగిన చెడ్డ ముక్కలు కలిసి ఉన్నాయని, వాళ్ల లైను ఆగిపోయిందని కేకలు. ఆ పెట్టెలు మా దగ్గర నుంచి వెళ్లి తొమ్మిది రోజులైంది. చీటీల మీద నాలుగో నంబరు ముద్ర ఉంది. ఎర్ర బిన్‌లోని ముక్కలు మంచి పెట్టెలోకి ఎలా వచ్చాయి? యజమాని రత్నక్కను పిలిపించాడు. అరుపులు వినబడ్డాయి. ఆమె బయటికి వచ్చి నేరుగా నా దగ్గరికే వచ్చింది. ఏడవడం లేదు. ధీమాగా ఉంది.

"అప్పా, నేను ఎర్ర బిన్‌లోనే పెట్నాను. ఎవురు తీసి కలిపినారో నాకు తెలీదు. కెమెరా నెత్తిమీదే ఉండాది కదా. ఆ పొద్దుటిది తీసి సార్‌కు చూపియ్యి. నన్ను నమ్మొద్దు. దాన్ని నమ్ము."

ఆమెను కూర్చోమని రికార్డర్ ముందుకు వెళ్లాను. తేదీ కొట్టాను. ఖాళీ. మళ్లీ కొట్టాను. మిగిలిన ఒక్క చిన్న డిస్కులో అయిదు రోజులే ఉన్నాయి. పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోయింది. రెండో డిస్కు బతికి ఉంటే ఆ రోజు దాంట్లో ఉండేది. అరుపు వినబడినప్పుడే కొత్తది వేసి ఉంటే ఉండేది. పది నిమిషాలు ఆ ఖాళీ తెరను చూస్తూ కూర్చున్నాను. ఆ పది నిమిషాల్లో నేను ఆలోచించింది ఆమె గురించి కాదు. ముప్పై రోజులు ఉంటుంది సార్ అన్న నా మాట గురించి. ఇంత నిక్కచ్చిగా రాయడం కష్టంగా ఉంది. కానీ జరిగింది ఇదే.

బయటికి వచ్చాను.

"ఏమప్పా, చూసినావా?"

"చూసినా అక్కా."

"కనబడిందా?"

"ఆ మూల కెమెరాకు అందదక్కా. ప్రెస్సు అడ్డం వస్తుంది."

ఆమె నా ముఖంలోకి చూసింది. "అడ్డమా? మొన్న నేను ఆ బిన్ పక్కన కూర్చోని టీ తాగతా ఉంటే, 'అక్కా, టీవీలో కనబడతా ఉండావు, బిస్కెట్ నాకూ ఒకటి పంపు' అని నువ్వే కదప్పా నగినావు?"

"అది వేరే కెమెరా అక్కా."

వేరే కెమెరా లేదు. ఆమె కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

యజమానికీ అదే చెప్పాను. సోమవారం తనే వచ్చి చూస్తానన్నాడు. అందుకే ఆదివారం, షాపు మూసి ఉన్నప్పుడు వెళ్లాను. నిచ్చెన వేసుకుని కెమెరాను కొంచెం పక్కకు తిప్పాను. కొంచెమే. మూల తెర మీద నుంచి జారిపోయింది. మిగిలిన అయిదు రోజుల రికార్డింగులో అది స్పష్టంగా ఉంది కాబట్టి దాన్నీ చెరిపేశాను. నిచ్చెన మడిచి గోడకు ఆనించాను. ఎంత సమర్థంగా చేశానో! అంత శ్రద్ధలో పదో వంతు ఒక డిస్కు మార్చడానికి పెట్టి ఉంటే?

సోమవారం యజమాని తెర చూశాడు. అవును, కనబడటం లేదు అన్నాడు. రత్నక్క ముద్ర తీసుకున్నారు. ఆమెను ముక్కలు కడిగే తొట్టి దగ్గరికి మార్చారు. మిగతా ఆడవాళ్లంతా వరసగా మూడు ఆదివారాలు వచ్చి, గోదాములో ఉన్న సరుకంతా మళ్లీ తనిఖీ చేయాల్సి వచ్చింది. మంజుల తన చెల్లెలి నిశ్చితార్థానికి పోలేకపోయింది. అప్పటి నుంచి రత్నక్కతో మాట్లాడటం మానేసింది. ఒకే బల్ల దగ్గర భోజనం చేసేవాళ్లు ఆమెకు చోటు ఇవ్వడం మానేశారు. రెండు నెలలకు ఆమె పని మానేసింది. ఆ మూల కనబడాలని యజమాని ఇంకో కెమెరా కొన్నాడు. దాంతోపాటు, బాషా మొదట చెప్పిన డిస్కు కూడా ఒక్క ప్రశ్న వేయకుండా కొన్నాడు. నేను నోరు తెరిచి అడగడమే తక్కువైందన్నమాట.

ఏడేళ్లూ నాకు నేను ఏం చెప్పుకున్నానో కూడా రాయాలి. ఏమో, నిజంగా ఆమే పొరపాటు చేసిందేమో, తొమ్మిదేళ్ల మనిషైనా ఒక రోజు తలనొప్పితో ఉండదా, రికార్డింగు ఉండి ఉంటే అది ఆమెకు వ్యతిరేకంగానే ఉండేదేమో, అప్పుడు నేను ఆమెకు మేలే చేసినట్టు కాదా? ఇలా అనుకుంటూ పడుకున్న రోజులు ఉన్నాయి. ఆ ముక్కలు ఎవరు కలిపారో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలుసుకునే దారి ఒక్కటే ఉండేది. దాన్ని మూసింది నేను. మూసినవాడే అవతల ఏముందో అని సందేహపడటం ఎంత సిగ్గుమాలిన పని!

ఇప్పుడు నేను బొమ్మసంద్రలో ఇంకో కంపెనీలో ఉన్నాను. పోయిన నెల అక్కడ కొత్త కెమెరాల మీటింగు. డిస్కులు మన దగ్గరే పెట్టుకోవాలా, ఇంటర్నెట్‌లో అద్దెకు తీసుకోవాలా అని గంటసేపు చర్చ. కెమెరాలు అమ్మే కంపెనీ నుంచి వచ్చిన అమ్మాయి, ఎన్ని రోజుల రికార్డింగు కావాలి సార్ అని అడిగింది. మా ఫైనాన్స్ ఆయన ఫోను మీద నుంచి తల ఎత్తకుండా, వారం చాలు, ఎవరు చూస్తారు ఇదంతా అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చూడమని అడిగే మనిషి ఒకరు వస్తారండీ, ఆ రోజు ఏం చూపిస్తారు అని అరిచాను. బల్ల చుట్టూ అందరూ నన్ను వింతగా చూశారు. ఆయన మీద కాదు నా కోపం. ఆయన మాట్లాడింది నా మాటే.

ఆ ఆదివారం లగ్గెరెలో ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. గడప దగ్గర కూర్చుని చీరలకు కుచ్చులు కడుతోంది. గుర్తుపట్టింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. నిలబడే అంతా చెప్పాను. డిస్కు, అరుపు, నిచ్చెన, అన్నీ. ఆమె వేళ్లు ఆగలేదు.

"నాకప్పుడే తెలుసప్పా," అంది. "నేను బిన్ యాడ పెట్నానో నాకు తెలీదా? నాకెందుకు చెప్తావు? మంజుల ఈ పొద్దుటికీ బస్టాపులో నన్ను చూసి తల తిప్పుకుంటాది. తెలీనోళ్లకు చెప్పు, పో."

బుధవారం సెలవు పెట్టి పీణ్య వెళ్లాను. మొదట యజమానికి చెప్పాను. ఆయన విని, అయ్యో, ఎప్పటి సంగతో, వదిలేయండి, కాఫీ తాగుతారా అన్నాడు. అంత తేలిగ్గా వదిలేయడానికి అది ఆయనదా? టీ వేళకు తనిఖీ బల్ల దగ్గరికి వెళ్లొచ్చా అని అడిగాను. మీ ఇష్టం అన్నాడు.

అప్పటివాళ్లు నలుగురే మిగిలారు. మంజుల ఇప్పుడు ఆ బల్లకు పెద్ద. టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ ఆ నలుగురి ముందు మొదలుపెట్టాను. చివరిదాకా చెప్పాను. చెప్పడం పూర్తయ్యేసరికి ఛాతీలో ఏదో కొంచెం సడలినట్టయింది. దానికి నేను అర్హుణ్ని కాను, అయినా సడలింది. మంజుల గ్లాసు కింద పెట్టింది. ఫోను తీసి, అవతల ఎత్తేదాకా ఆగి, స్పీకరు నొక్కి నా ముందు పెట్టింది.

"అక్క వింటా ఉండాది. ఇప్పుడు చెప్పండి సార్. మా ముందర చెప్పండి."

ఫోనులో ఎక్కడో కుక్కర్ కూత వినబడింది. నేను మాట్లాడాను.

"రత్నక్కా, ఆ రోజు నువ్వు సరిగ్గానే అడిగినావు. చూపించాల్సింది నేను పోగొట్టినాను. పోగొట్టినానని చెప్పడానికి భయపడి కెమెరాను తిప్పినాను. నీ మీద పడిన మాట నా వల్ల పడింది. నేను అబద్ధం చెప్పినాను, ఇక్కడ నలుగురి ముందర ఒప్పుకుంటున్నాను. క్షమించక్కా."