బ్రెడ్‌స్టిక్స్ మీది మెరుపు

ఆ బ్రెడ్‌స్టిక్స్ మీద గుడ్డు పూసింది నేను. పై అంతస్తు అక్కగారు కాదు. ఈ రెండు ముక్కలు చెప్పడానికి ఆ సాయంత్రం నాకు నోరు రాలేదు. టెర్రస్ మీద అందరి మధ్యా ఆవిడ నా వైపు చూశారు. నేను చేతిలో ఉన్న పేపర్ ప్లేటు వైపు చూశాను.

మాది పటమటలో ఒక పాత అపార్ట్‌మెంటు. భార్య పోయాక ఆ ఫ్లాట్‌లో నేనొక్కణ్ణే మిగిలాను. ఆఫీసు నుంచి వచ్చి తాళం తీస్తే ఎదురయ్యేది పొద్దున నేను వదిలి వెళ్ళిన కాఫీ గ్లాసే. ఇంట్లో ఎవరో ఒకరు మాట్లాడుతున్నట్టుంటుందని టీవీ పెట్టి స్నానానికి వెళ్ళేవాణ్ణి. పక్క ఫ్లాట్లవాళ్ళు మంచివాళ్ళు. "అన్నయ్యగారూ, కాస్త దోసకాయ పప్పు చేశానండీ" అంటూ గిన్నెలు పంపేవారు. గుమ్మం దగ్గర అందుకునేవాణ్ణి, కడిగి గుమ్మం దగ్గరే తిరిగి ఇచ్చేవాణ్ణి. ఒంటరి మగవాడి ఇంట్లోకి ఎవరు వస్తారు, ఎవరు మాత్రం లోపలికి రమ్మంటారు?

రమ్మన్నది పై అంతస్తు అక్కగారొక్కరే. ఆవిడది బందరు దగ్గర సముద్రపొడ్డు ఊరు, చేపల వ్యాపారం చేసే కుటుంబం. భర్త లారీల లోడింగు చూసుకుంటూ ఎక్కువగా కైకలూరు వైపే ఉండేవారు. యూట్యూబులో చూసి నేను బేకింగు మొదలుపెట్టినప్పుడు నా చిన్న ఓవెన్‌లో బ్రెడ్‌స్టిక్స్ రాయిలా తయారయ్యాయి. లిఫ్టులో కలిస్తే ఒకటి ఇచ్చాను. ఆవిడ కొరికి చూసి, "తమ్ముడు గారూ, ఇవి తినడానికాండీ, పొయ్యిలో పెట్టడానికా?" అన్నారు. భార్య పోయాక నేను పైకి నవ్వింది అదే మొదటిసారి అనుకుంటాను. "మా ఇంట్లో పెద్ద ఓవెన్ ఊరికే పడుంది, ఆదివారం రండి" అన్నారు.

అలా ఆదివారాలు మొదలయ్యాయి. గోరువెచ్చని నీళ్ళలో పంచదార, ఈస్టు వేసి పొంగేదాకా కూర్చునేవాళ్ళం. మైదా కలిపే పని నాది. చేతికి అంటుకుంటోందని నేను పిండి చల్లబోతే, "ఆగండి, అంటుకోనివ్వండి, పిసగ్గా పిసగ్గా అదే వదులుతుంది" అనేవారు. తడిబట్ట కప్పి పక్కన పెట్టాక, అది పొంగేదాకా చేసే పనేమీ ఉండదు. ఇద్దరం టీ తాగేవాళ్ళం. నిజానికి నేను వెళ్ళేది ఆ గంట కోసమే. ఆవిడ వాళ్ళ ఊరి తుఫానుల గురించి చెప్పేవారు, నేను మా ఆవిడ గురించి చెప్పేవాణ్ణి. మరెవరి దగ్గరైనా నేను తన పేరెత్తితే మాట మార్చేసేవారు. ఈవిడ మాత్రం, "వంకాయ ఎలా చేసేదండీ మీ ఆవిడ?" అని అడిగేవారు.

తర్వాత పొంగిన ముద్దను పల్చగా ఒత్తి, సగం మీద కూరు పరిచి, మిగతా సగం మడిచి, బద్దలుగా కోసి, ఒక్కో బద్దనూ తాడులా మెలి తిప్పేవాళ్ళం. తురిమిన పనీరు, చీజు, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపితే కూరు. పైన నువ్వులు, కాస్త వాము.

కార్తీకమాసంలో మా అపార్ట్‌మెంటువాళ్ళు టెర్రస్ మీదే వనభోజనాలు పెట్టుకుంటారు. వనం లేదు కనుక ఒక ఉసిరి కొమ్మ తెచ్చి కుండీలో గుచ్చి, దాని ముందు దీపం పెట్టి, షామియానా కింద భోంచేస్తారు. భోజనాలయ్యాక సాయంత్రం చిన్న పార్టీ. ఆ ఏడు దానికి స్నాక్స్ నేను తెస్తానన్నాను. మొదటిసారి ఆ ఇళ్ళకు ఇవ్వడానికి నా చేతిలో ఏదో ఉండబోతోందని నాకు ఎంత సంబరమో!

అక్కగారికి ఆ నెలంతా నియమం. "మా వీధిలో అందరిదీ చేపల బేరమే కదండీ. కార్తీకంలో మాత్రం చేపలు బుట్టలో ఉండేవి, పొయ్యి మీద పప్పుచారు ఉండేది. అమ్మేవాళ్ళం గానీ ముట్టేవాళ్ళం కాదు" అని ఒకసారి చెప్పారు. పెళ్ళై ఇంత దూరం వచ్చినా ఆవిడ ఆ నియమం ఎన్నడూ తప్పలేదు. అపార్ట్‌మెంటులో ఆ సంగతి తెలిసింది నాకొక్కడికే.

ఆ మధ్యాహ్నం ట్రేలు సర్దడం అయ్యాక, "గ్లాసులో పాలు పెట్టాను తమ్ముడు గారూ, పైన పూసి ఓవెన్‌లో పెట్టేయండి. నేను తలస్నానం చేసి వస్తాను" అని లోపలికి వెళ్ళారు. ముందు ఆదివారం పాలు పూసి చూశాం. రుచి బాగానే ఉంది కానీ రంగు పాలిపోయింది. వీడియోల్లో కనిపించే ఆ బంగారు మెరుపు లేదు. అందరూ ప్లేటు చూడగానే ఆహా అనాలని నాకు ఉంది. మా ఫ్లాట్‌కి దిగి ఫ్రిజ్‌లోంచి గుడ్డు తెచ్చాను. లోపల వెయ్యడం లేదు కదా, ఉత్త పూతే కదా అని సర్దిచెప్పుకున్నాను. గిలకొట్టి, బ్రష్‌తో పూసి, ఓవెన్‌లో పెట్టాను. పెంకులు గుప్పిట్లో పట్టుకుని మళ్ళీ కిందికి దిగి, మా ఇంటి చెత్తబుట్టలో వేశాను. అంటే తప్పని నాకు తెలుసు. పొరపాటున చేశానని ఆ తర్వాత నాకు నేను చెప్పుకున్నదంతా అబద్ధం.

ఆవిడ తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చేసరికి ట్రేలు బయటికొచ్చాయి. "అబ్బ, పాలతోనే ఇంత రంగొచ్చిందే!"

"వేడి కుదిరిందక్కా" అని, ఒకటి తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ ఊదుకుంటూ తిన్నారు. "కారం సరిగ్గా సరిపోయింది" అన్నారు.

టెర్రస్ మీద నేను అనుకున్నట్టే అందరూ ఆహా అన్నారు. ప్లేట్లు ఖాళీ అవుతుండగా అపార్ట్‌మెంటు సెక్రటరీగారి కోడలు ఒకటి వెలుతురులో తిప్పి చూసింది. ఆ అమ్మాయి కేకులు చేస్తుంది.

"అత్తయ్యా, ఇది పాలు పూస్తే వచ్చే మెరుపు కాదు. గుడ్డు పూశారు."

సెక్రటరీగారి భార్య చేతిలోది కింద పెట్టేసింది. "రామరామ! కార్తీకంలోనా? ఎవరింట్లో చేశారు?"

"పై అంతస్తులో" అన్నారెవరో.

"అదీ సంగతి. వాళ్ళకి ఈ పట్టింపులు ఏం తెలుస్తాయి లెండి. ఆ వంటింట్లో, ఆ ఓవెన్‌లో ఇంకేం వండారో!"

ఎవరో నోరు కడుక్కోవడానికి ట్యాంకు దగ్గరికి పరిగెత్తారు. ఇంకెవరో నవ్వారు. అక్కగారి ముఖంలో నెత్తురు లేదు. తను తిన్నదేమిటో ఆవిడకు అప్పుడే తెలిసింది. ఆవిడ నా వైపు చూశారు. కోపంగా కాదు, మీరు చెబుతారు కదా అన్నట్టు. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది గుమ్మం దగ్గరికి వచ్చే గిన్నెలు. అన్నయ్యగారూ అనే పిలుపులు. ఒక్క మాటతో అవన్నీ పోతాయనిపించింది. ప్లేటులోకి చూస్తూ నిలబడ్డాను. ఆవిడ కాసేపు ఆగి, ఖాళీ ట్రే తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత లిఫ్టులో కనిపించినప్పుడు, "బాగున్నారాండీ" అన్నారు. తమ్ముడు గారూ అనలేదు. ఆదివారం రమ్మనలేదు. ఆవిణ్ణి పేరంటాలకు పిలవడం ఒక్కొక్కరే మానేశారు. ఎండాకాలంలో అక్కగారు ఇల్లు ఖాళీ చేసి మంగళగిరి వెళ్ళిపోయారు. సామాను దింపుతున్న చప్పుడు వింటూ నేను నా ఫ్లాట్‌లో తలుపు వేసుకుని కూర్చున్నాను. గిన్నెలు వస్తూనే ఉన్నాయి. ఆదివారాలు మాత్రం ఎంతకీ తెల్లారేవి కావు, తెల్లారితే ఎంతకీ గడిచేవి కావు. మైదా డబ్బాలో పురుగు పట్టింది.

మళ్ళీ కార్తీకం వచ్చింది. టెర్రస్ మీద కుండీ, కొమ్మ, దీపం.

"ఈసారి మెరిసేవి తేలేదా అన్నయ్యగారూ?" అని సెక్రటరీగారి భార్య నవ్వింది. "అయినా ఆవిడ లేదుగా, ఇప్పుడేం భయం లేదు."

నేను లేచి నిలబడ్డాను. "గుడ్డు పూసింది నేనండీ. ఆవిడ పాలు పెట్టి వెళ్ళారు. ఆవిడకి తెలియకుండా మా ఫ్రిజ్‌లోంచి తెచ్చి నేనే పూశాను. ఆవిడ కార్తీకమంతా మనకంటే నిష్ఠగా ఉంటారు."

వడ్డించేవాళ్ళు కూడా ఆగిపోయారు. "ఇప్పుడెందుకండీ అవన్నీ, కూర్చోండి" అన్నారు సెక్రటరీగారు. ఆయన తల్లి మాత్రం విస్తరి ముందు నుంచి తలెత్తి, "మరి ఆ పై అంతస్తు అమ్మాయి అప్పుడే చెప్పలేదేం?" అని అడిగింది.

"నేను చెబుతానని చూశారండీ" అన్నాను. ఆ వారం గిన్నెలు రాలేదు.

వచ్చిన ఆదివారం నా చిన్న ఓవెన్‌లోనే చేశాను. పాలు పూశాను. పాలిపోయి వచ్చాయి. స్టీలు డబ్బాలో సర్దుకుని మంగళగిరి బస్సెక్కాను. అక్కగారివాళ్ళ కొత్త ఇల్లు మగ్గాల వీధి దాటాక ఉంది. తలుపు తీసింది ఆవిడే. లోపలికి రమ్మనలేదు, తలుపూ వేయలేదు. నేను డబ్బా మూత తీశాను. ఆవిడ వాటి రంగు చూశారు.

"పాలేనా?" అన్నారు.

"పాలేనక్కా." చెప్పులు విప్పకుండా గుమ్మం ఇవతలే నిలబడి, దారంతా కూడబలుక్కున్నది చెప్పాను. "ఆ రోజు గుడ్డు పూసింది నేను. మీకు తెలుసు. మొన్న టెర్రస్ మీద అందరికీ చెప్పాను. కానీ అది సగమే. మీ నియమం ఏమిటో తెలిసి, నా చేత్తో మీ చేతిలో పెట్టి తినిపించాను. వాళ్ళు మిమ్మల్ని అన్న మాటలన్నీ విన్నాను, నోరు విప్పలేదు. మీ నియమం చెడగొట్టాను, మీ పరువు తీశాను. నన్ను క్షమించండక్కా."